ధమనికి లోపలి తొడుగు

సైకిలు టైరు ఒకచోట పగిలి, ఆ పగులుగుండా లోపలి ట్యూబు చిన్న బుడగయై వెలుపలికి పొడుచుకొని వచ్చుటను చూడనివారు మనలో అరుదు. ట్యూబులోని గాలి ఎల్లెడల ఒకే బలముతో నొక్కుచుండగా, చక్రము చుట్టును గల తక్కిన టైరంతయు చెక్కుచెదరక నిలిచియుండగా, ఆ ఒక్క చోటనే బుడగ ఏల పుట్టవలెను, పుట్టినది పుట్టినంతలో ఊరకుండక నానాటికి ఏల పెరుగవలెను అను ప్రశ్నకు సమాధానము కఠినమైనది కాదు. నొక్కుడు అంతటను ఒక్కటియే. దానిని ఓర్చుకొను శక్తి మాత్రము అంతటను ఒక్కటి కాదు. పైగా ఉబ్బిన రబ్బరు సాగి పలుచనగును, పలుచనైన రబ్బరు మరింత ఉబ్బును. సైకిలు షాపువాడు ఈ బుడగను పైనుండి అదిమిపెట్టు ప్రయత్నము చేయడు. గాలి తీసివేసి, పాత టైరునుండి కోసిన ముక్క నొకదానిని పగులునకు లోపలివైపున, టైరునకును ట్యూబునకును నడుమ అమర్చి, మరల గాలి కొట్టును. గేటరు వేయుట అని దానికి పేరు. ఏ గాలి బుడగను పుట్టించినదో ఆ గాలియే ఇప్పుడు గేటరును పగులునకు అదిమిపట్టి ఉంచును.

మెదడుకు రక్తము చేర్చు ధమనిలో ఇట్టి బుడగ పుట్టినపుడు దానికిని లోపలినుండి ఒక గేటరు వేయరాదా అను ఊహ ఎవరికైనను తోచునదే. కాని చక్రమును ఆపవచ్చును, విప్పవచ్చును, గాలి తీసివేయవచ్చును. మెదడుకు పోవు ప్రవాహమును పూర్తిగా ఆపినచో కొలది నిమిషములలోనే కణములు చచ్చుట ఆరంభించును. టైరులోనికి చేయి పెట్టవచ్చును. మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే గలిగి, ఎముక సొరంగములో మెలికలు తిరుగుచు పోవు ధమనిలోనికి, తొడ మొదటనో మణికట్టుననో ఆరంభించి సన్నని గొట్టముల సాయమున పోవలసియుండును. అన్నిటికంటె ముఖ్యమైన భేదము మూడవది: టైరునకు కొమ్మలు లేవు, ధమనికి కలవు. లోపల వేసిన తొడుగు పగులుతో బాటు పక్కనున్న కొమ్మ ముఖద్వారమును గూడ మూసివేసినచో, రక్తస్రావమునుండి బయటపడిన రోగి పక్షవాతమునకు లోనుకావచ్చును. వైద్యులు కవర్డ్ స్టెంటు అని పిలుచు, పొర తొడిగిన లోహపు వలగొట్టము ఈ మూడు చిక్కులలో మొదటి రెండింటిని చాలవరకు జయించినది; మూడవదానితో మాత్రము నేటికిని రాజీపడియే నడచుచున్నది.

మెదడు అడుగున ఒక వలయము

శరీరపు బరువులో మెదడు వాటా నూటికి రెండు పాళ్లు మాత్రమే. గుండెనుండి వెలువడు రక్తములో మాత్రము ఇంచుమించు ఐదవ వంతును అది తనకే తీసికొనును. ఆ రక్తమును మెడ ముందువైపున రెండు కెరోటిడ్ ధమనులును, వెనుకవైపున మెడపూసల రంధ్రములగుండా పోవు రెండు వర్టిబ్రల్ ధమనులును పైకి కొనిపోయి, మెదడు అడుగున ఒకదానితో నొకటి కలిసికొని వలయముగా ఏర్పడును. ఒక దారి మూతపడినను మరియొక దారినుండి రక్తము అందుటకు ఇది ఆధారము. దీని ప్రయోజనమును గుర్తించి 1664లో తన గ్రంథమున వివరించినవాడు ఆక్స్‌ఫర్డు వైద్యుడు థామస్ విల్లిస్. ఆ గ్రంథమునకు చిత్రములు గీసినవాడు, తరువాతి కాలమున లండనులో సెయింట్ పాల్ కెథీడ్రలును నిర్మించిన క్రిస్టఫర్ రెన్. వలయము నేటికిని విల్లిస్ పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. మెదడు ధమనులలో పుట్టు బుడగలలో అత్యధికభాగము ఈ వలయముమీదనో దానికి అతిసమీపముననో కన్పట్టును.

అచ్చటనే ఏల యనుటకు కారణములు గోడ నిర్మాణములో కొంతయు, ప్రవాహపు తీరులో కొంతయు ఉన్నవి. శరీరమునందలి ఇతర ధమనుల గోడలో నడిమి కండరపు పొరకు లోపలను వెలుపలను సాగి ముడుచుకొనగల పట్టీలు రెండుండి, గుండె కొట్టుకొనినప్పుడెల్ల వచ్చు తాకిడిని అవి ఓర్చుకొనును. కపాలములోనికి ప్రవేశించిన ధమనికి వెలుపలి పట్టీ ఇంచుమించు లేనట్లే. నడిమి పొర పలుచన. ఆనుకొనుటకు చుట్టును కండ గాని కొవ్వు గాని లేక, అది మెదడును చుట్టియున్న ద్రవములో ఒంటరిగా నుండును. ఇట్టి ధమని రెండుగా చీలుచోట ప్రవాహము చీలిక నడుమనున్న గోడను నేరుగా ఢీకొని, పిదప ఇరువైపులకును మళ్లును. నిమిషమునకు డెబ్బది పర్యాయముల చొప్పున ఏండ్ల తరబడి ఈ తాకిడికి గురియగు చోట లోపలిపొర కణముల తీరు మారును, వాపు కలుగును, కండర కణములు క్షీణించును, ఉన్న ఒక్క పట్టీయు తెగును. అంతట గోడ వెలుపలికి ఒరుగును. ఒరిగిన గోడ వ్యాసార్ధము పెరిగినకొలది, రక్తపుపోటు పెరుగకున్నను, దానిపై పడు లాగుడు పెరుగుచునేయుండును. పొగత్రాగుటయు, అదుపులో లేని రక్తపుపోటును ఈ క్షయమును త్వరపెట్టును. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బు వచ్చియున్నవారికిని, మూత్రపిండములలో తిత్తులు పుట్టు వంశపారంపర్య వ్యాధి గలవారికిని, పురుషులకంటె స్త్రీలకును ఇది హెచ్చు.

వయోజనులలో నూటికి ఇంచుమించు ముగ్గురికి ఇట్టి బుడగ, అనగా అన్యూరిజము, ఉండునని అంచనా. వారిలో అధికసంఖ్యాకులు దాని ఉనికినే ఎరుగక జీవితమంతయు గడుపుదురు. పగిలినవారికి మాత్రము, అంతకుముందెన్నడును ఎరుగనంతటి తలనొప్పి ఒక్క క్షణములో పరాకాష్ఠ నందుకొనును. వైద్యులు దానికి పిడుగు పేరే పెట్టిరి. వాంతులు, మెడ బిగిసికొనిపోవుట, వెలుతురు చూడలేకపోవుట, స్పృహ తప్పుట దాని వెంట వచ్చును. మెదడును కప్పియుండు పొరల నడుమకు పొంగిన రక్తము మెదడును నొక్కును. ఇట్టివారిలో ఇంచుమించు మూడింట ఒకవంతు ప్రాణము కోల్పోవుదురు. రక్తము గడ్డకట్టి చిల్లు తాత్కాలికముగా మూతపడినను, తొలి 24 గంటలలో అది మరల పగులు ప్రమాదము మిక్కిలి ఎక్కువ. చికిత్సలోని తొందర యంతయు ఇందుకే.

> ప్రతి బుడగకును చికిత్స కావలెనా?
>
> వేరొక కారణముచే తలకు స్కానింగు చేయించుకొనినపుడు బుడగ బయటపడుట ఈనాడు తరచుగా జరుగుచున్నది. చూచినవెంటనే భయపడనక్కరలేదు. 7 మిల్లీమీటర్లకు లోబడి, కెరోటిడ్ ధమని పరిధిలో నున్న నునుపైన బుడగలు పగులుట అరుదని పెద్ద పరిశీలనలలో తేలినది. వలయపు వెనుకభాగమున నున్నవి, మీద మరియొక చిన్న పిలక మొలచినవి, వెనుకటి స్కానింగుకంటె పెరిగినవి అపాయకరములు. 25 మిల్లీమీటర్లు దాటినవానిని మహాకాయములని వేరుగా లెక్కింతురు. చిన్నవానిని ఏడాది కొకసారి చూచుకొనుచు, సిగరెట్టు మాని, రక్తపుపోటును అదుపులో నుంచుకొనుటయే పెక్కుమందికి వైద్యులు చెప్పు చికిత్స.

మెడ దొరికిన బుడగలు

1937 మార్చి 23వ తేదీన అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో, వాల్టర్ డాండీ పుర్రె తెరచి, కెరోటిడ్ ధమనిపై ఉబ్బియున్న బుడగ మెడకు వెండి క్లిప్పు బిగించి, ధమనిని మాత్రము తెరచియే ఉంచెను. బుడగ ధమనినుండి మొలచుచోటును మెడ అందురు. అది సన్నగా నున్నచో క్లిప్పు చక్కగా పట్టును. ఈ పద్ధతి నేటికిని సజీవముగానే యున్నది. పుర్రె తెరువకయే, రక్తనాళముల దారినే లోపలికి పోయి బుడగను చేరవచ్చునని 1970వ దశకమున మాస్కోలో ఫ్యోదర్ సెర్బినెంకో చిన్న బెలూనులతో నిరూపించెను. 1990లో లాస్ ఏంజెలిస్‌లో ఇటలీ దేశీయుడైన గ్విదో గుగ్లియెల్మి మరింత సుకుమారమైన ఉపాయము కనుగొనెను: ప్లాటినపు సన్నతీగను బుడగలోనికి చుట్టలు చుట్టలుగా నింపి, చిన్న విద్యుత్ప్రవాహముతో దానిని మోసికొనివచ్చిన తీగనుండి విడదీయుట. చుట్టల నడుమ రక్తము గడ్డకట్టి బుడగ మూతపడును. పగిలిన బుడగలు గల 2143 మందిపై జరిగి 2002లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన, ఏడాది గడచునప్పటికి చనిపోయినవారును పరాధీనులైనవారును క్లిప్పు పక్షమున నూటికి 30.6, తీగచుట్టల పక్షమున 23.7 అని తేల్చిన తరువాత, కాథెటరు (సన్నని గొట్టము) దారి రాజమార్గమైనది.

క్లిప్పునకు గాని తీగచుట్టకు గాని ఒక షరతు కలదు. బిగించుటకు ఒక మెడ ఉండవలెను, లేదా చుట్టలను ఓర్చి నిలుపుకొనుటకు ఒక గోడ ఉండవలెను. రెండును లేని బుడగలు కలవు.

గోడ లేని బుడగలు

తలకు బలమైన దెబ్బ తగిలినపుడు, కపాలము అడుగుభాగపు ఎముక విరిగి, దాని అంచు కెరోటిడ్ ధమనిని చీల్చవచ్చును. చీలికనుండి వెలికివచ్చిన రక్తము చుట్టునున్న కణజాలములో గూడు కట్టుకొని, ధమనితో సంబంధము తెగక, ప్రతి నాడికిని కొట్టుకొనుచుండును. స్కానింగులో ఇది బుడగయే; నిజమునకు దానికి ధమనీకుడ్యము లేదు, గడ్డకట్టిన రక్తమే దాని గోడ. దీనినే మిథ్యా అన్యూరిజము అందురు. ముక్కు దారిన పీయూష గ్రంథి కణితిని తొలగించు శస్త్రచికిత్సలో ధమనికి గాటు పడినను ఇట్టిదే పుట్టవచ్చును. కొన్ని దినములకో వారములకో ముక్కునుండి ధారగా రక్తము కారుట దాని గుర్తు.

అదే ధమని కంటి వెనుకభాగమున ఒక సిరల గూడులోనుండి పోవును. ధమని సిర మధ్యమున పోవు చోటు శరీరములో ఇది యొక్కటియే యని శరీరశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అచ్చట ధమని చిరిగినచో, ధమనీరక్తము తన పూర్తి వేగముతో సిరలలోనికి దూకును; వెనుకకు పోవలసిన రక్తము కంటివైపునకు ఎదురెక్కును. కన్ను ఎఱ్ఱబడి, రెప్ప వాచి, గ్రుడ్డు ముందునకు పొడుచుకొనివచ్చును. రోగికి తలలో నాడితో సమానముగా ‘ఝుయ్యి, ఝుయ్యి’ మను శబ్దము రాత్రింబవళ్లు వినవచ్చుచుండును; నిశ్శబ్దమైన రాత్రివేళ అది మరింత బాధించును. వైద్యుడు మూసిన కంటిరెప్పపై స్టెతస్కోపు ఆన్చినచో ఆ శబ్దము అతనికిని వినవచ్చును. రోగి చెవికి మాత్రమే వినబడునని ఇంటివారు నమ్మక కొట్టిపారవేసిన శబ్దము వేరొకరి చెవిని పడిన ఆ క్షణముననే రోగనిర్ణయము సగము ముగిసినట్లు. మోటారుసైకిలు ప్రమాదములే ఇందుకు ప్రధానహేతువులలో ఒకటి యగుటచే, హెల్మెట్టును పెట్రోలు ట్యాంకుపై పెట్టుకొని తిరుగు మన నగరములలో ఈ జబ్బు వైద్యులకు అపరిచితము కాదు.

మూడవది రక్తపు బొబ్బ. ధమని చీలని చోట, తిన్నని గోడమీదనే, రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తున ఉబ్బు ఈ బుడగకు పై పొర మాత్రమే మిగిలి, లోపలి పొరలు చిరిగిపోయి యుండును. చూచుటకు ఇంతయే, చేయు అపకారము అంతింత కాదు. క్లిప్పు బిగించబోయినచో మొదలంట చిరుగును. చుట్టలు నింపబోయినచో తీగ గోడను దూసికొని పోవును. పెద్ద బుడగకంటె ఈ చిన్నబొబ్బనే శస్త్రవైద్యులు ఎక్కువ జంకుతో చూతురనుట అతిశయోక్తి కాదు.

ఈ మూడింటియందును బుడగతో మనకు పని లేదు. చిరిగిన ధమనితోనే పని. గేటరు ఆలోచన ఇక్కడ అత్యంత సహజముగా నప్పును.

షాంఘైలో రూపొందిన తొడుగు

పెద్ద ధమనులలో ఈ ఆలోచన ముందుగనే ఫలించియుండెను. ఖార్కివ్ నగరమున నికొలాయ్ వొలొదోస్ 1987లో ఛాతీలోని మహాధమనికి, బ్యూనస్ ఐర్స్‌లో హువాన్ పరోదీ 1990లో ఉదరములోని మహాధమనికి లోపలినుండి గుడ్డగొట్టము తొడిగిరి. గుండె ధమనులు బెలూను చికిత్సలో అనుకోక చిల్లుపడినపుడు వాడుటకై, రెండు ఉక్కు స్టెంట్ల నడుమ టెఫ్లాను పొరను ఇరికించిన కవర్డ్ స్టెంటును పిదప తయారుచేసిరి. స్టెంటు అనగానే తెలుగు పాఠకునికి గుండెయే తలపునకు వచ్చును. అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు సోమరాజు కలిసి చవుకగా రూపొందించిన స్టెంటు వారిద్దరి పేర్లతో ప్రసిద్ధమగుట మన హైదరాబాదు ముచ్చటయే. అయితే గుండెకు పనికివచ్చినదెల్ల మెదడుకు పనికిరాదు. మార్గాంతరము లేని వేళల కొందరు వైద్యులు గుండెకై చేసిన కవర్డ్ స్టెంటునే కపాలములోనికి ఎక్కించిచూచిరి. రెండు లోహపు వలలును నడుమ పొరయు కలిసి అది బిరుసైన గొట్టమైపోయి, ఎన్నోసార్లు దారి మధ్యననే మొరాయించెను.

ఎక్కడ మొరాయించెనో చెప్పవలెను. కెరోటిడ్ ధమని మెడలో తిన్నగనే పైకెక్కి, కపాలపు అడుగు ఎముకలో ప్రవేశించిన తరువాత ముందునకు వంగి, మరల పైకి లేచి, వెంటనే వెనుకకు మళ్లును. రెండు అంగుళములు మించని దూరములో ఇన్ని వంపులు. దీనిని సైఫన్ అందురు. మిథ్యా అన్యూరిజములును, కంటి వెనుక చిరుగులును, రక్తపు బొబ్బలును ఎక్కువగా పుట్టునది ఈ వంపులలోను వాని పరిసరములలోను. ఏ వంపు దాటుట స్టెంటునకు కష్టమో ఆ వంపులోనే దాని అవసరము.

షాంఘైలోని ఆరవ ప్రజా వైద్యశాల వైద్యులును, అదే నగరమందలి మైక్రోపోర్ట్ సంస్థ ఇంజినీర్లును కలిసి ఈ శతాబ్దపు తొలి దశాబ్దములో ఈ చిక్కునకు సమాధానము వెదకిరి. రెండు వలలకు మారుగా ఒకే వల. ఉక్కునకు మారుగా, సన్నపు తీరులోనే బలము చూపగల కోబాల్ట్-క్రోమియం మిశ్రలోహము. దానికి తొడిగి అంటించిన, వెంట్రుక మందముకంటె పలుచని టెఫ్లాను పొర. అంతయు ముడిచిన బెలూనుమీద ఎక్కియుండి, బెలూను ఉబ్బినపుడు విప్పారును. వెడల్పు 3.5 నుండి 4.5 మిల్లీమీటర్లు, పొడవు 7 నుండి 16 మిల్లీమీటర్లు. మెదడు ధమనుల కొరకే ప్రత్యేకించి రూపొందించిన ఈ కవర్డ్ స్టెంటునకు విల్లిస్ అని పేరు పెట్టుటలో ఔచిత్యము కలదు. చైనాలోనే దీని వాడుక అధికము. ప్రపంచములో తక్కినచోట్ల అనేకులు నేటికిని గుండెకో ఇతర ధమనులకో చేసిన కవర్డ్ స్టెంట్లతోనే అవసరము గడుపుకొనుచున్నారు.

> టెఫ్లానే ఏల?
>
> వంటింటి నాన్‌స్టిక్ పెనముపై పూత ఈ పదార్థమే. నీటిగొట్టముల మరలచుట్టు ప్లంబరు చుట్టు తెల్లని టేపును ఇదియే. 1938లో దీనిని కనుగొనిరి. 1969లో అమెరికాలో బాబ్ గోర్, వేడిచేసిన టెఫ్లాను కడ్డీని మెల్లగా కాక ఒక్క ఉదుటున లాగినచో అది తెగక, కంటికి కానరాని సన్నరంధ్రములతో నిండిన మెత్తని, బలమైన పదార్థముగా మారునని గమనించెను. రక్తము దానిగుండా కారదు. శరీరము దానిని ద్వేషింపదు. వంచినపుడు అది విరుగదు. కృత్రిమ రక్తనాళములకు ఏండ్ల తరబడి వాడుచున్న పదార్థమే కనుక దీని గుణదోషములు వైద్యులకు ముందే తెలిసియుండెను.

తొడనుండి తలకు

పనిజరుగు గదిలో రోగికి పూర్తి మత్తు ఇత్తురు. తొడ మొదట ధమనిలో సూదిమార్గము తెరచి, ఒక గొట్టములోనుండి మరియొక గొట్టము చొప్పున, బలమైన కాథెటరును మెడలోని కెరోటిడ్ దాక కొనిపోవుదురు. బిరుసైన వస్తువును వంపులు దాటింపవలెననిన వెనుకనుండి త్రోయువానికి గట్టి ఆనిక కావలెను. ఆ ఆనిక ఈ కాథెటరే. ఎక్స్‌రే తెరపై ధమనిని చూచు విధానము చమత్కారమైనది. ముందుగా రంగుమందు లేని బొమ్మ నొకదానిని తీసి ఉంచుకొందురు. పిదప మందు ఎక్కించి మరియొక బొమ్మ తీయుదురు. రెండవదానిలోనుండి మొదటిదానిని యంత్రము తీసివేయును. ఎముకలు, పళ్లు, కన్నుగుంటలు సమస్తము మాయమై, నల్లని కొమ్మల ధమనీవృక్షము మాత్రము తెరపై నిలుచును. ఆ బొమ్మపైననే చిరుగునకు ఇరువైపుల ధమని వెడల్పును, మూయవలసిన నిడివిని కొలిచి స్టెంటును ఎన్నుకొందురు. ఈ కొలతలో పొరపాటునకు చోటు తక్కువ. స్టెంటు ఇరుకైనచో పొరకును గోడకును నడుమ సందు మిగిలి రక్తము బుడగలోనికి కారుచునేయుండును. వెడల్పైనచో ధమనియే చిరుగును.

సన్నని తీగ వంపులన్నిటిని దాటి ముందు పోవును. ఆ తీగపై జారుచు స్టెంటు బయలుదేరును. ఈ దశలో పనివేగము చూచువారికి విసుగు పుట్టించును. మిల్లీమీటరు ముందునకు త్రోయుట, ఆగుట, వెనుక కాథెటరు జారినదేమో చూచుట, మరల త్రోయుట. బిరుసైన స్టెంటు వంపులోనికి వచ్చినపుడు ధమనియే తిన్నగా సాగి, అంతకుముందు తీసిన బొమ్మ ఇప్పటి ధమనికి సరిపోకపోవుటయు కలదు. చోటు కుదిరినదని నిశ్చయించుకొనిన పిమ్మట బెలూనును మెల్లమెల్లగా ఉబ్బించి, కొన్ని సెకనులు ఉంచి, గాలి కాదు, అందులోని ద్రవమును తీసివేయుదురు. మరల రంగుమందు. ఇంతకుముందు మందు ఎక్కించిన వెంటనే నల్లగా నిండిన బుడగ ఇప్పుడు తెరపై లేదు. కన్ను వాచిన రోగి విషయములో, మత్తునుండి లేచిన తరువాత అతడు మొదట చెప్పు మాట శబ్దము ఆగిపోయినదనియే.

అన్నివేళల ఇంత చక్కగా ముగియదు. పొర అంచున సన్నని జీరగా మందు జారుచు కన్పడినచో బెలూనును మరల ఉబ్బించి అదుముదురు. అప్పటికిని తగ్గకున్నచో మొదటిదానికి ఆనించి రెండవ స్టెంటు వేయుదురు. చిన్న జీరను అట్లే విడిచిపెట్టి కొన్నాళ్ల తరువాత చూచినచో, అది తనంత తాను మూతపడుటయు కలదు.

పొర మూయు దారులు

కెరోటిడ్ సైఫనునుండి బయలుదేరు కొమ్మలన్నియు ఒక్క విలువ గలవి కావు. మొదటిది కంటికి పోవు ధమని. దాని ముఖమును పొర మూసినను, ముఖమునకు పోవు బయటి కెరోటిడ్ కొమ్మలనుండి కంటికి రక్తము చుట్టుదారిన చేరుట సాధారణము. అట్లు చేరని కొద్దిమందికి చూపు పోవును. కనుకనే ముందుగా ఆ చోట బెలూనును తాత్కాలికముగా ఉబ్బించి, బయటి కెరోటిడ్‌లోనికి మందు ఎక్కించి, కంటి వెనుక పొర రంగు తేలుచున్నదో లేదో పరీక్షింతురు. కొంచెము పైన బయలుదేరు వెనుక సంధాన ధమని కొందరిలో వెంట్రుకవలె సన్నముగాను, కొందరిలో మెదడు వెనుకభాగమున కంతటికి ఆధారముగాను ఉండును. రెండవ తరహావారికి దానిని మూయుట ఆపద. దానిని దాటిన వెంటనే పుట్టు పూర్వ కొరాయిడల్ ధమని చూచుటకు మిల్లీమీటరు వెడల్పైనను లేదు. కాని కాలుసేతులను కదలించు ఆజ్ఞలు మెదడునుండి దిగివచ్చు ఇరుకు దారికి రక్తము పోయునది అదియే. దానిని మూసినచో శరీరములో ఒక పక్క అంతయు పడిపోవచ్చును. కవర్డ్ స్టెంటునకు హద్దు గీసినది ఈ చిన్నకొమ్మయే యని చెప్పవచ్చును. దీని మొదలునకు దిగువన పొర వేయుటకు వైద్యుడు సాహసించును. దానిని దాటి మూయవలసివచ్చినచో వేరొక మార్గము వెదకును. ఇక మధ్య మస్తిష్క ధమని, మెదడుకాండము ముందునుండి పోవు బేసిలార్ ధమని మొదలగునవి అడుగడుగున సన్నని కొమ్మలను విడుచుచు పోవునవి. వానిలో పొర వేయుట సాధారణముగా తలపెట్టరు.

ఈ పరిమితిని చూచియే మరియొక వర్గపు ఇంజినీర్లు పొరను పూర్తిగా విడిచిపెట్టిరి. 2011లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన పైప్‌లైన్ అను స్టెంటు 48 సన్నని తీగలతో దట్టముగా అల్లిన వల. ధమని గోడలో ఇంచుమించు మూడవ వంతును మాత్రమే లోహము కప్పును, తక్కినది సందులే. సందులున్న వల బుడగను మూసి, దాని పక్కనే యున్న కొమ్మను మూయకపోవుట ఎట్లు? రెండింటికిని తేడా వానిలోనే కలదు. కొమ్మకు ఆవలి కొన మెదడు కణజాలములో కలదు. అక్కడ పోటు తక్కువగుటచే రక్తము ఎల్లప్పుడును అటు లాగబడుచు సందులగుండా పోవుచునేయుండును. బుడగకు ఆవలి కొన లేదు. లోనికి పోయిన రక్తము పోయిన ద్వారముననే వెలికి రావలెను. ధమనిలోని ప్రవాహపు ఊపుతోనే అది లోపల సుడి తిరుగుచుండును. వల ఆ ఊపును తగ్గించినచో సుడి మందగించును, నిలిచిన రక్తము గడ్డకట్టును, తీగలమీదుగా ధమని లోపలిపొర కణములు మెల్లగా ప్రాకి కొత్త గోడను కట్టును. పెద్ద బుడగలు గల 108 మందిపై జరిగిన పరిశోధనలో ఆరు నెలలకు ఇంచుమించు నాలుగింట మూడువంతుల బుడగలును, ఐదేండ్లకు పరీక్షకు వచ్చినవారిలో నూటికి 95 బుడగలును పూర్తిగా మూతపడినట్లు కనుగొనిరి. కొమ్మలు గల ధమనులకు ఇది పొరకంటె మిన్న యనుటలో నాకు సందేహము లేదు. ఈనాడు పగులని పెద్ద బుడగలకు చికిత్సలో దీనిదే పైచేయి.

ఆ ఆరు నెలల గడువే దాని లోపము. ముక్కునుండి ధారగా రక్తము కారుచున్న మిథ్యా అన్యూరిజము ఆరు నెలలు ఆగదు. నిన్ననే పగిలిన రక్తపు బొబ్బ ఆరు దినములైనను ఆగునను హామీ లేదు. కంటి వెనుక చిరుగునుండి దూకు ప్రవాహము సిరవైపునకు బలముగా లాగబడుచుండును గనుక, వల సందులలోనుండి అది నిరాటంకముగా పోవును. ఇట్టి సందర్భములలో బెలూను ఉబ్బిన మరుక్షణముననే పనిచేయు పొరకు సాటి లేదు. వల వచ్చినది గనుక పొరకు కాలము చెల్లినదని కొందరు తొందరపడి వ్రాసిన మాట, నా చూపునకు, రెండింటిని ఒకే పనిముట్టుగా భావించుటవలన పుట్టినది.

తరువాతి మాత్రలు

ధమనిలో నిలిపిన అన్యవస్తువుపై రక్తపు చక్రికలు (ప్లేట్‌లెట్లు) పేరుకొని గడ్డకట్టుట సహజము. వలకంటె పొరపై ఈ అపాయము హెచ్చు. ధమని లోపలిపొర కణములు దానిమీదికి ప్రాకుటకు ఎక్కువ కాలము పట్టును. అందుచే చికిత్సకు ముందునుండియే ఆస్పిరిన్‌ను, క్లోపిడోగ్రెల్‌ను రెండింటిని ఇత్తురు. రెండవది నోటిలో వేసికొనినపుడు మందు కాదు. కాలేయములోని ఒక ఎంజైము దానిని మార్చిన తరువాతనే మందగును. ఆ ఎంజైము పుట్టుకతో మందముగా నుండువారు మన దేశప్రజలలో తక్కువేమి కాదు. వారికి మాత్రలు పద్ధతిగా మ్రింగినను ఫలము దక్కదు. అందుకే కొన్ని ఆసుపత్రులలో చక్రికల చురుకుదనమును రక్తపరీక్షతో ముందుగా కొలిచి, అవసరమైనచో టికాగ్రెలోర్ వంటి వేరొక మందునకు మార్చుదురు.

తలలో బుడగ పగిలి రక్తస్రావమైన రోగికే రక్తము గడ్డకట్టకుండ మందులిచ్చుట సామాన్యునికి విపరీతముగా తోచును. ఇంటివారు కంగారుపడుటలో ఆశ్చర్యము లేదు. వైద్యునికి గూడ అది సుఖమైన నిర్ణయము కాదు. మెదడులో పేరుకొనిన ద్రవమును తీయుటకు పుర్రెకు చిన్న రంధ్రము చేసి గొట్టము వేయవలసియున్నచో, మాత్రలు మొదలుపెట్టుటకు ముందే ఆ పని ముగించుకొందురు. చిరుగు వెంటనే మూతపడునను ధైర్యమున్నప్పుడే ఆ మందులు ఇచ్చుట సుకరము. పొరకు ఇదియు ఒక అనుకూలత.

కొన్ని నెలలపాటు రెండు మాత్రలు, పిదప ఆస్పిరిన్ దీర్ఘకాలము, ఆరు నెలలకు ఒకసారి యాంజియోగ్రాము (రంగుమందుతో తీయు ధమని బొమ్మ): ఇది సాధారణముగా పాటించు వరుస. యాంజియోగ్రాములో పొర అంచున ధమని ఇరుకైనట్లు కన్పడుట కలదు. చాలమందికి అది ఏ బాధయు కలిగింపక ఉండిపోవును. తలనొప్పి పోయినది, కన్ను లోపలికి పోయినది, ఇక మందులెందుకని తమంత తాము మానివేయువారికి వచ్చు ముప్పు వేరు. స్టెంటు లోపల గడ్డకట్టినచో ధమనియే మూతపడును. పన్ను పీకించుకొనబోవునపుడు రక్తము ఆగదేమో యని పళ్లవైద్యుడు మాత్రలు నాలుగు దినములు ఆపుమనుట మనయెడ మామూలు. తలలో స్టెంటున్న సంగతి అతనికి ముందుగా చెప్పి, దానిని వేసిన వైద్యునితో అతనినే ఫోనులో మాటాడించిన తరువాత గాని ఒక్కపూట మాత్రయైనను మానరాదు.